మన్యం కథల మీద ఒక పితూరీ



ఈ టపాను సమీక్ష అనుకోకండి, వ్యాసమూ అనుకోకండి. ఇది ఒక పితూరీ. ఆ మాటను ఏరికోరి ఎంచుకున్నాను గనుక ముందుగా దానినే విప్పి చూద్దాం.

నేడు మనం పితూరీ అంటే చాడీ అన్న అర్థంలో వాడుతున్నాం. బడిలో పిల్లవాడు పక్కవాడి మీద పంతులుగారికి చెప్పేది పితూరీ. వదిన మీద ఆడబడుచు తల్లికి చెప్పేది పితూరీ. నూటయాభై ఏళ్ల కిందట గోదావరి, విశాఖపట్టణం జిల్లాల కచేరీ కాగితాలలో అదే మాటకు తిరుగుబాటు అని అర్థం. తెల్లదొరలు సైతం దానికి తమ భాషలో మరో మాట వెదకకుండా ‘ఫితూరీ’ అనే తమ నివేదికలలో రాసుకున్నారు. ఉర్దూ ‘ఫితూర్’ నుంచి వచ్చిన పదమిది. అక్కడ దానికి కల్లోలం, బుద్ధి చెదరడం వంటి అర్థాలున్నాయి. ఒక్క మాట ప్రయాణంలోనే ఎంత కథ ఉన్నదో చూడండి. కొండవాడు నోరు విప్పితే పాలకుని చెవికి అది కల్లోలమయింది. అతడు విల్లు పట్టితే అది తిరుగుబాటయింది. అంతా చల్లారిన తరువాత మైదానంలో కూర్చున్న మన నోట అది చాడీగా మిగిలింది.

‘ముఠా’ అన్న మాట గతి మరీ అన్యాయం. మన్యంలో ముఠా అంటే కొన్ని కొండపల్లెల కూడిక. దాని పెద్ద ముఠాదారు. శిస్తు వసూలు చేసి పైవారికి కట్టడం, తన పల్లెలలో తగవులు తీర్చడం అతని పని. నేను పాఠాలు చెప్పే రోజులలో తొమ్మిదో తరగతి పిల్లలను ‘ముఠాదారు అంటే ఎవరురా?’ అని అడిగితే ‘దొంగల నాయకుడు సార్’ అని తడుముకోకుండా చెప్పేవారు. వారిని తప్పు పట్టి లాభం లేదు. దినపత్రికలో ‘ముఠా గుట్టు రట్టు’ అన్న శీర్షిక చదివి పెరిగిన పిల్లలు వారు. ఒక ప్రాంతపు పరిపాలనావ్యవస్థ పేరు మొత్తం రాష్ట్రానికి దొంగలగుంపు పేరుగా ఎలా మారిందో ఆలోచించవలసినవాళ్లం మనం, పెద్దవాళ్లం.

ఇక అసలు పితూరీ. మన్యం చరిత్రలోని విపత్తులనూ పోరాటాలనూ మనం రెండు వేరు వేరు పెట్టెలలో పెట్టి కథలు చెబుతున్నాం. విపత్తుల పెట్టె మీద ‘ప్రకృతి’ అని రాశాం. పోరాటాల పెట్టె మీద ‘వీరుడు’ అని రాశాం. మొదటి పెట్టెలో నుంచి వరదలు, జ్వరాలు, కరవులు తీస్తాం. రెండవదానిలో నుంచి విల్లంబులు, గుర్రాలు, సింహనాదాలు తీస్తాం. ఈ రెండు పెట్టెలలోనూ కనబడనిది ఒకటున్నది, దాని పేరు ఉత్తరువు. ఎవరో ఎక్కడో కూర్చుని సంతకం పెట్టిన కాగితం. పన్ను పెంచిన కాగితం, పోడు ఆపిన కాగితం, ఊరిని ఒక జిల్లాలో నుంచి తీసి మరో జిల్లాలో వేసిన కాగితం. మన్యంలో జరిగిన ప్రతి పెద్ద కష్టానికీ, ప్రతి పెద్ద పోరాటానికీ మూలంలో అటువంటి కాగితం ఉన్నది. కాగితాన్ని వదిలిపెట్టి చెప్పిన మన్యం కథ సగం కథ కూడా కాదని నా వాదం.

2022వ సంవత్సరాన్ని ఒక్కసారి తలచుకోండి. మార్చి 25న ‘ఆర్ఆర్ఆర్’ సినిమా విడుదలయింది. అల్లూరి, కొమురం భీం ఢిల్లీలో కలిసి తెల్లవారిని చెండాడారు. ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు పుట్టాయి. పాడేరు ముఖ్యపట్టణంగా అల్లూరి సీతారామరాజు జిల్లా, పార్వతీపురం ముఖ్యపట్టణంగా మన్యం జిల్లా ఏర్పడ్డాయి. జులై 4న, రాజుగారి నూటయిరవై అయిదవ జయంతి సందర్భంగా, భీమవరంలో ముప్పై అడుగుల కంచు విగ్రహాన్ని ప్రధానమంత్రి ఆవిష్కరించారు. జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. రాజుగారి పేరు పెట్టి నాలుగు నెలలైనా కాని జిల్లాలోని కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు, ఎటపాక మండలాల ఊళ్లు నీట నిలిచాయి. జనం కొండల మీద టార్పాలిన్ల కింద తలదాచుకున్నారు. సినిమా, జిల్లా, విగ్రహం, వరద నాలుగు నెలల లోపలే వరుసగా వచ్చాయి. మొదటి మూడింటి మీద తెలుగులో ఎన్ని వ్యాసాలు, ఎన్ని పద్యాలు, ఎన్ని వాదోపవాదాలు వచ్చాయో మీకు తెలుసు. నాలుగోదాని మీద వచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వచ్చినవాటిలోనూ ‘గోదారమ్మ ఉగ్రరూపం’ అన్న ధోరణే అధికం.

సినిమా మీద నాకు ప్రత్యేకించి కోపం లేదు. అది కల్పన అని తీసినవారే చెప్పుకున్నారు. అయితే ఒక్క సంగతి అడగవలసి ఉన్నది. కొమురం భీం పోరాడినది ఎవరితో? నిజాం ప్రభుత్వపు అటవీ, రెవిన్యూ అధికారులతో. 1940లో జోడేఘాట్ కొండల్లో ఆయనను కాల్చినవారు నిజాం పోలీసులు. ఆ కాల్పులకు ఉత్తరువులు వెళ్లినది మన హైదరాబాదు నుంచి. కథలో ఆయనను ఢిల్లీకి తరలించి తెల్లదొర ఎదుట నిలబెట్టేసరికి హైదరాబాదు కచేరీ చల్లగా తప్పించుకున్నది. నేను వీరుని పెట్టె అన్నది దీనినే. వీరుడు ఎంత ఎత్తు పెరిగితే ఉత్తరువు ఇచ్చినవాడు అంత వెనక్కి దాగుతాడు.

1879 నాటి రంప పితూరీని చూడండి. ‘రంప తిరుగుబాటు’ అనగానే మనకు రాజుగారే గుర్తు వస్తారు. రాజుగారు పుట్టినది 1897లో. అప్పటికి రంప ప్రాంతం ఎన్నిమార్లు భగ్గుమన్నదో లెక్క పెడితే మనం చదువుకున్న పాఠం చిన్నబోతుంది. 1840లో, 1857–58లో, 1861–62లో, 1879–80లో, పక్కనే గూడెం కొండల్లో 1886లో, తరువాత 1916లో లాగరాయి పితూరీ. 1922 నాటిది ఈ వరుసలో చివరిది, అన్నింటికంటె పెద్దపేరు తెచ్చుకున్నది. డేవిడ్ ఆర్నాల్డ్ అనే చరిత్రకారుడు 1839 నుంచి 1924 వరకు ఈ వరుసనంతటినీ ఒకే కథగా చదివి 1982లో ఒక పెద్ద వ్యాసం ప్రకటించాడు. నలభై ఏళ్లు దాటాయి. మన పాఠ్యపుస్తకాల పద్ధతి మాత్రం మొదట అడవి, ఆపై చీకటి, ఉన్నట్టుండి రాజుగారు అన్నట్టే ఉన్నది.

1879 పితూరీకి కారణాలేమిటి? ఊహించనక్కరలేదు. 1907లో హెమింగ్వే సంకలనం చేసిన గోదావరి జిల్లా గెజిటీరులో, అనగా సర్కారువారి పుస్తకంలోనే, స్పష్టంగా ఉన్నవి. రంప ప్రాంతానికి ఒక మన్సబుదారు ఉండేవాడు. శాంతి కాపాడాలన్న షరతు మీద కుంపిణీవారు 1813లో ఆ వంశానికి పల్లెలను వదిలిపెట్టారు. వారసుల తగాదాల తరువాత 1848లో, ధర్మపత్నికి కాక ఇతరత్రా పుట్టిన కొడుకును గద్దె మీద కూర్చోబెట్టారు. అతడు ముఠాదారుల భూములు లాక్కున్నాడు, కొత్త కొత్త పన్నులు వేశాడు. అందులో ఒకటి చిగురుపన్ను.

చిగురుపన్ను! ఎంత కావ్యమయమైన పేరో చూడండి. మన ప్రబంధాలలో చిగురు కోయిల కోసం ఉన్నది, మన్మథుని కోసం ఉన్నది. మన్యంలో అది పన్ను పేరు. కల్లు మీద పన్ను. మైదానపు మనిషికి కల్లు అనగానే దుర్వ్యసనం గుర్తుకు వస్తుంది గనుక ఈ సంగతిని ఆయన తేలికగా దాటేస్తాడు. కొండరెడ్లకు జీలుగు కల్లు కొన్ని నెలలపాటు అన్నం వంటిది. గింజలు అయిపోయి కొత్తపంట రాని వేసవి నెలల్లో ప్రాణం నిలిపేది జీలుగు చెట్టు, మామిడి టెంక లోపలి జీడి. ఇంటి అవసరానికి కల్లు గీసుకోరాదు, గుత్తదారుకు డబ్బు కట్టి గీసుకోవాలి అని కొత్త ఆబ్కారీ చట్టం చెప్పింది. మైదానం నుంచి గుత్తదారులు కొండెక్కారు. దాని మీద మన్సబుదారు చిగురుపన్ను. ఆకలి నెలల అన్నం మీద ఇద్దరు చేతులు వేశారన్న మాట.

ఇది చాలదన్నట్లు సివిలు కోర్టులు. మైదానపు వర్తకుడు కొండకు ఉప్పు, గుడ్డ తెచ్చి అప్పు పెట్టేవాడు. తరువాత కింద ఎక్కడో ఉన్న న్యాయస్థానంలో దావా వేసేవాడు. కొండవాడు దిగిరాడు. దారి తెలియదు, కోర్టు భాష తెలియదు, కిందికి వస్తే ఏ చిక్కు చుట్టుకుంటుందో అన్న భయం. ఏకపక్షంగా డిక్రీ అయ్యేది. ఆ కాగితం పట్టుకుని వచ్చి చిన్న అప్పుకు పశువులనూ పంటనూ తోలుకుపోయేవారు. వీటికి తోడు పోలీసుల దోపిడీ. ఇదంతా నా కవిత్వం కాదు, పాలకుల కలమే ఒప్పుకున్న సంగతి.

1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో అంటుకున్నది. ఏప్రిల్‌లో విశాఖ జిల్లా గొలుగొండ కొండలకు, జులైలో భద్రాచలం తాలూకా రేకపల్లికి పాకింది. ద్వారబంధాల చంద్రయ్య, పులికంటి సాంబయ్య, కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి దీని నాయకులు. ఈ నలుగురి పేర్లు గడగడ చెప్పగల తెలుగు ఉపాధ్యాయులను నేను నా ఉద్యోగకాలంలో చాలా తక్కువమందిని చూశాను. వీరిని అణచడానికి ఆరు మద్రాసు పటాలాలు, సాపర్లు మైనర్ల కంపెనీలు, పోలీసులతోపాటు హైదరాబాదు కంటింజెంటు దళం కూడ వెళ్లింది. దానిని పోషించినది నిజాం ఖజానా. సైనికులు తూటాలకంటె మన్యపు జ్వరానికి ఎక్కువగా కుదేలయ్యారు. చంద్రయ్య, తమ్మన్నదొర 1880లో హతులయ్యారు. పట్టుబడినవారు అనేకులు అండమాను చేరారు. మన్సబుదారీ రద్దయింది. ముఠాదారులతో సర్కారు నేరుగా కొత్త ఒప్పందాలు చేసుకున్నది. చిగురుపన్ను పోయింది. అంటే, పితూరీ చెప్పినవాడు జైలుకు పోయినా పితూరీ నిజమేనని సర్కారు ఒప్పుకున్నట్లే.

వీరిలో కొండరెడ్లు ఉన్నారు, కోయలు ఉన్నారు. కొండరెడ్ల మాతృభాష తెలుగే. ఇది తెలుగులో మొరపెట్టుకుని, తెలుగులో తిరగబడి, తెలుగులోనే మరపున పడిన కథ.

రాజుగారి కాలానికి వచ్చినా ఉత్తరువు లేనిదే కథ కదలదు. 1882 అటవీ చట్టం వచ్చి పోడుకు హద్దులు గీసింది. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు కొండదారి వేయడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండజనం చేత వెట్టి చేయించాడు. కూలి ఎగవేశాడు. బట్టిపనుకుల గ్రామాధికారం పోగొట్టుకున్న గాం గంటందొర, ఆయన తమ్ముడు గాం మల్లుదొర, ఇంకా కంకిపాటి ఎండు పడాల్ వంటివారి కోపం ఆ రోడ్డు మీద పుట్టింది. రాజుగారు ఆ కోపానికి ఒక దిశ చూపారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలను పట్టుకుని తుపాకులు తీసుకుపోయారు. ఏయే ఆయుధాలు తీసుకున్నారో ఠాణా పుస్తకంలో రాసి రాజుగారు సంతకం పెట్టారని చెబుతారు. సినిమాల్లో, నాటకాల్లో ఈ సంతకానికి చప్పట్లు మోగుతాయి. మోగవలసినదే. నా అభ్యంతరం ఒక్కటే. మన కథలన్నిటిలో సంతకం చేస్తూ కనిపించేది రాజుగారొక్కరే. రోడ్డు పనికి జనాన్ని తోలుకురమ్మన్న సంతకం, పోడు ఆపిన సంతకం ఏ తెర మీదా కనిపించవు.

1924 మే 7న రాజుగారు, జూన్‌లో గంటందొర హతులయ్యారు. అంతకుముందే 1923లో మల్లుదొర పట్టుబడ్డాడు, యావజ్జీవ శిక్ష పడి అండమాను పోయాడు. 1937లో విడుదలయ్యాడు. అంతటితో అయిపోలేదు. 1952లో స్వతంత్ర భారతపు మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయిన ఇద్దరిలో ఆయన ఒకరు. ఠాణాల మీద పడి తుపాకులు తెచ్చిన మనిషి, ద్వీపాంతరం పోయి వచ్చిన మనిషి, ఓట్లు వేయించుకుని ఢిల్లీ వెళ్లాడు! కల్పించి ఢిల్లీకి పంపిన కథకు కోట్ల ఖర్చు పెట్టారు. నిజంగా ఢిల్లీకి వెళ్లిన మల్లుదొర మీద ఒక మంచి నవల కోసం నేను ఇంకా ఎదురు చూస్తున్నాను.

ఇక రేకపల్లి. 1879 జులైలో పితూరీ పాకిన ఆ గోదావరి ఒడ్డు పల్లె జాతకం కొంచెం నెమ్మదిగా చదవండి. మొదట నిజాం రాజ్యం. 1860 సంధిలో గోదావరి ఎడమగట్టు తాలూకాలను నిజాం తెల్లవారికి వదిలినప్పుడు రేకపల్లి కూడ వెళ్లి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో పడింది. 1874లో అక్కడి నుంచి తీసి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిపారు. ఆ మార్పు ఊరివారికి ఎలా తెలిసింది? సెంట్రల్ ప్రావిన్సెస్ కింద పోడు శిస్తు స్వల్పంగా ఉండేది. మద్రాసు కిందికి రాగానే దాదాపు మూడింతలయింది. కొన్ని అడవులలో పోడు కూడదన్నారు. అయిదేళ్లు తిరగకుండా పితూరీ అందుకున్నది. సరిహద్దు గీత జరిగితే పటంలో రంగు మాత్రమే మారుతుందని మనం అనుకుంటాం. ఆ పల్లెలో కుండలో గంజి మారింది.

జాతకం ఇంకా ఉన్నది. 1959లో భద్రాచలం తాలూకాను తూర్పుగోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు మార్చారు. 2014లో తెలంగాణ ఏర్పడబోయే ముందు మే నెలాఖరున ఆర్డినెన్సుతో, జులైలో చట్టంతో పోలవరం కింది మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. రేకపల్లి ఉన్న వరరామచంద్రపురం మండలం మళ్లీ తూర్పుగోదావరికి పోయింది. 2022లో అల్లూరి జిల్లాకు. నిజాం, నాగపూరు, మద్రాసు, ఖమ్మం, కాకినాడ, పాడేరు అంటూ ఊరు అంగుళం కదలకుండా ఇన్ని రాజధానులకు, ముఖ్యపట్టణాలకు మొక్కింది. ఒక్కసారైనా ఎవరైనా ‘మీకు ఎక్కడ ఉండాలని ఉన్నది?’ అని అడిగారా? ఇప్పుడేమో ఆ ప్రాంతాన్ని నీటికి ఇస్తున్నారు. పోలవరం జలాశయం పూర్తిమట్టం 150 అడుగులు. దాని వల్ల లక్షకు పైగా కుటుంబాలు కదలాలి, వారిలో గిరిజనులు పెద్దభాగం.

ఇక్కడ నా వృత్తిధర్మం కొంచెం అడ్డు వస్తుంది, మన్నించాలి. ‘ముంపు గ్రామాలు’ అంటున్నాం కదా. ‘ముంపు’ ఏ ధాతువు నుంచి వచ్చింది? మునుగు నుంచి కాదు. పెంచు–పెంపు, దించు–దింపు, తెంచు–తెంపు. అదే దారిలో ముంచు–ముంపు. మునుగు నుంచి వచ్చేది మునక. మునక తనంత తాను జరిగేది, అకర్మకం. ముంపు సకర్మకం, ముంచేవాడు ఒకడు ఉండి తీరాలి. భాష నిజం చెబుతూనే ఉన్నది. మనమే వాక్యం దగ్గరికి వచ్చేసరికి ‘గ్రామాలు మునిగిపోయాయి’ అని రాసి కర్తను మింగేస్తున్నాం.

అన్యాయంగా మాట్లాడను. ప్రతి వరదనూ ఆనకట్ట నెత్తిన వేయడం కూడ కథ చెప్పడమే అవుతుంది. 1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు వచ్చింది. అప్పుడు పోలవరం దగ్గర గోడ లేదు. 2022 వరదకు ఆకాశమూ కారణమే. నదికి అడ్డంగా కట్టిన కాఫర్‌డ్యాము వల్ల వెనుకజలాలు ఎంత పెరిగాయన్నదాని మీద రెండు రాష్ట్రాలూ వాదులాడుకున్నాయి. ఆ లెక్కలు ఇంజనీర్లు తేల్చాలి. కాని తేల్చనక్కరలేనిది ఒకటున్నది. వదిలి వెళ్లవలసిన ఊళ్లని ఎన్నో ఏళ్ల కిందటే జాబితాలో చేరిన పల్లెలు, ఆ జులైలో ఇంకా పాతచోటనే ఉన్నాయి. పునరావాసం పూర్తికాక, పరిహారం చేతికి రాక ఉన్నాయి. నీరు ఆకాశం నుంచి వచ్చి ఉండవచ్చు. ఆ నీటిలో ఆ ఇల్లు ఇంకా అక్కడ ఉండడం మాత్రం కాగితం పని, లేదా కాగితం కదలకపోవడం పని.

‘దేశానికి నీళ్లు కావాలి మాస్టారూ, ఎవరో ఒకరు త్యాగం చేయాలి’ అంటారు కొందరు మిత్రులు. డెల్టా రైతుకు నీరు అక్కరలేదని నేననను. త్యాగం అన్న మాట దగ్గరే నా పట్టు. త్యజించేవాడు తానే కర్తగా ఉండాలి. తనది తాను, తన ఇష్టంతో వదలాలి. రాజుగారిది త్యాగం, తన ప్రాణాన్ని తాను ఇచ్చారు. మరొకరు సంతకం పెట్టి తీసుకున్నదానికి తెలుగులో వేరే మాటలున్నాయి, అవి అందరికీ తెలుసు. పరిహారం ఇచ్చి తీసుకుంటే కొనుగోలు అనండి, ఇవ్వకుండా తీసుకుంటే మరొకటి అనండి. త్యాగం అనకండి.

మరో ఆక్షేపణ కూడ వినబడుతుంది. కొండజనం ఏమీ రాసుకోలేదు కదా, ఆధారాలు లేకుండా వారి చరిత్ర ఎలా రాస్తాం? పైన చెప్పిన గెజిటీరు ఉన్నది. అదే 1907లో ఫ్రాన్సిస్ కూర్చిన విశాఖపట్టణం గెజిటీరు ఉన్నది. గోదావరి లోయలోని కొండరెడ్లతో కలిసి ఉండి హైమెన్‌డార్ఫ్ రాసి 1945లో ప్రకటించిన పుస్తకం ఉన్నది. పాలకుల కలమే గదా అని పక్కన పెట్టకండి. తమ తప్పును తామే రాసుకున్న చోట పాలకుల సాక్ష్యం కంటె గట్టి సాక్ష్యం ఏముంటుంది? ఆధారాలు ఉన్నాయి. ఆధారాలలో గుర్రం లేదు, అందుకని మనకు రుచించడం లేదు.

ఒక పోలిక చెప్పి ముగిస్తాను. నేనుండే మీర్‌పేటలో 2020 అక్టోబరు వానలకు మిథిలానగర్ వంటి కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. అప్పుడు మా వీధులలో ఎవరూ గంగమ్మ కోపం అనలేదు. నాలాను ఎవరు మూశారు, చెరువు శిఖంలో ఇళ్లకు అనుమతి ఎవరిచ్చారు, అలుగు నీరు ఎటు పోవాలి అన్నవే ప్రశ్నలు. చదువుకోని కూరగాయల అమ్మి కూడ వీటినే అడిగింది. అవి సరైన ప్రశ్నలు. మన కాలనీకి వరద వస్తే కర్తను వెదుకుతాం. కొండపల్లెకు వరద వస్తే కర్మ అంటాం. వ్యాకరణంలో కర్తకూ కర్మకూ తేడా తెలిసిన జాతి కదా మనది!

2022 వరద తీసిన తరువాత భద్రాచలం పక్కన ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు అనే అయిదు ఊళ్లను తిరిగి తమకు ఇవ్వాలని తెలంగాణ మంత్రి ఒకరు అడిగారు. భద్రాచలం పట్టణానికి కరకట్ట కట్టుకోవడానికి అవి అవసరమట. ఆ అయిదింటిలో రేకపల్లి లేదు.

కూనవరం, చింతూరు, రంపచోడవరం ప్రాంతాల మిత్రులెవరైనా ఇది చదివితే ఒక ప్రార్థన. మీ ఇళ్లలో పెద్దలు ‘పితూరీ’ అన్న మాటను ఏ అర్థంలో వాడేవారో, చిగురుపన్ను పేరు ఎవరి నోటనైనా విన్నారో దయచేసి తెలియజేయండి.